మా బావా, ఒక్క నీటిచుక్కా

మా బావకు నీళ్ళంటే పడదు. అంటే తాగుతాడు, రెండుపూటలా స్నానం కూడా చేస్తాడు, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ చాక్లెట్ కరిగే గదిలో నీళ్ళు కాదుగదా, నీళ్ళనే మాట కూడా వినపడకూడదు. వినపడిందంటే ఆ మాట అన్నవాడు వరండాలో ఉంటాడు, తలుపుకు గడియ పడి ఉంటుంది.

నాకు మామూలుగా కోపం రాదు. దేవుడు నన్ను తయారు చేసేటప్పుడు ఆ ఒక్క నరం పక్కన పెట్టి మరిచిపోయాడని మా అక్క అంటుంది. కోపం వస్తే వంద లెక్కపెట్టుకోమని చిన్నప్పుడు మా ఊరి బళ్ళో మాష్టారు చెప్పారు. ఇప్పటికీ లెక్కపెట్టుకుంటాను. ఒక్క బావ విషయంలో మాత్రం తొంభై తొమ్మిది దాకా వచ్చి, ఆయన ఇంకో మాట అనడంతో మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టవలసి వస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. అందుకే ఇవాళ ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తున్నాను. న్యాయం ఎటుందో మీరే చూడండి.

బావది పార్టీల్లో చాక్లెట్ ఫౌంటెన్ పెట్టే పని. మూడు స్టీలు గొడుగులు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టుంటుంది ఆ యంత్రం. లోపల ఒక మర తిరుగుతూ కరిగిన చాక్లెట్‌ను పైకి లాగుతుంది. పైనుంచి అది గొడుగు గొడుగునా పరదాలా జారుతుంది. జనం పండ్లముక్కలను పుల్లలకు గుచ్చి, ఆ పరదాలో ముంచుకుని తింటారు. నేను వారమంతా ఒక బళ్ళో గుమాస్తాని. సెలవు రోజుల్లో బావకు తోడు వెళతాను. తోడు అన్నది మర్యాద కోసం వాడిన మాట. మోతగాణ్ణి అంటే సరిపోతుంది.

ఆయన బాధలో సగం నిజముందని ఒప్పుకుంటాను. కరిగిన చాక్లెట్‌లో ఒక్క నీటిచుక్క పడితే చాలు, అప్పటిదాకా పట్టులా జారుతున్నది కాస్తా బిగుసుకుపోయి, పలుకులు కట్టి, తడిమట్టి ముద్దలా తయారవుతుంది. బావ భాషలో దాన్ని ‘అలగడం’ అంటారు.

“నూనె పొయ్యి, ఊరుకుంటుంది. పంచదార వెయ్యి, ఊరుకుంటుంది. ఒక్క చుక్క నీళ్ళంటే మాత్రం మూతి ముడుస్తుందిరా. మీ అక్క అలిగితే కాళ్ళు పట్టుకునైనా దారికి తెచ్చుకోవచ్చు. ఇది అలిగిందంటే ఇక అంతే సంగతులు” అంటాడు. మా అక్క పక్క గదిలో ఉన్నప్పుడు ఈ పోలిక రాదు.

లోకంలో అందరూ కింది గిన్నెలో నీళ్ళు మరిగించి, పైగిన్నెలో చాక్లెట్ కరిగిస్తారు. కింద నీళ్ళుంటే పైకి ఆవిరి వస్తుందని బావ వాదన. అందుకని ఆయన ఇసుక వాడతాడు. వెడల్పాటి ఇనపమూకుడులో ఇసుక కాచి, అందులో గిన్నె దింపుతాడు. ఆ ఇసుక ఏ పార్టీకి ఆ పార్టీకి మూట కట్టి తీసుకెళ్ళాలి. మూట నా భుజం మీద ఉంటుంది. బావ చేతిలో థర్మామీటరు ఉంటుంది. ప్రతి గేటు దగ్గరా కాపలావాడు ఆపి, “పార్టీకొచ్చారా, గోడ కట్టడానికొచ్చారా?” అని అడుగుతాడు. అడిగేది నన్ను. బావ అప్పటికే లోపలికి వెళ్ళిపోయి ఉంటాడు.

పండ్ల సంగతి వేరే చెప్పాలి. స్ట్రాబెర్రీలు కడగాలి. కడిగితే తడి అవుతాయి. కాబట్టి ఒక్కొక్కదాన్నీ మెత్తటి గుడ్డలో తీసుకుని, చంటిపిల్లవాడికి తల తుడిచినట్టు తుడవాలి. నేను మూడువందలు తుడిచాక బావ వచ్చి ఒకటి తీసి చెంపకు ఆనించుకుంటాడు. “చల్లగా తగిలిందిరా. మళ్ళీ తుడు” అంటాడు. ఏది చల్లగా తగిలింది? మూడువందల్లో ఏది? చెప్పడు. అన్నీ తుడవాలి. ఇది న్యాయమేనా?

ఇక మాటల సంగతి. మన భాషలో నోరు తెరిస్తే నీళ్ళే కదా. ఒకసారి ఆయన్ని సెలవు అడగాలని గిన్నె దగ్గర తటపటాయిస్తూ నిలబడ్డాను. అక్కడి వంటాయన ఊరుకోక, “ఏంటి తమ్ముడూ, నీళ్ళు నములుతున్నావ్?” అన్నాడు. అంతే, బావ గరిటె వదిలేసి రెండు చేతులతో నా దవడలు పట్టుకున్నాడు.

“తెరు! నోరు తెరు! మింగేశావా లేదా?”

మింగడానికి నా నోట్లో మాట తప్ప ఏముంది? అదే మింగాను. సెలవు అడగనే లేదు.

ఇంకొకసారి పెళ్ళికూతురి పిన్నిగారు ముచ్చటపడి ఫౌంటెన్ దగ్గరకు వచ్చింది. “అబ్బ, చూస్తుంటేనే నోట్లో నీళ్ళూరుతున్నాయండీ” అంది పాపం.

“అయితే రెండడుగులు వెనక్కి జరగండమ్మా” అన్నాడు బావ.

“ఏంటండీ?”

“ఊరడం ఆగాక రండి.”

ఆవిడ ఆ మాట పెళ్ళివారందరికీ చెప్పింది. అటూ ఇటూ రెండు కుటుంబాలకూ వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నది నేను. అప్పుడు బావ ఏం చేస్తున్నాడని అడగండి. “జనానికి నోరు అదుపులో లేకుండా పోయిందిరా” అని ఆవేదన చెందుతున్నాడు.

వీటన్నిటినీ క్షమించాను. ఒకటి మాత్రం క్షమించడానికి ఇప్పటికీ దేవుణ్ణి బలం అడుగుతూనే ఉన్నాను. మాకు పెళ్ళయిన ఏడేళ్ళకు మా ఆవిడ ఫోన్ చేసి శుభవార్త చెప్పింది. నేను అప్పుడు ఏదో పార్టీలో స్ట్రాబెర్రీలు తుడుస్తున్నాను. గుడ్డ విసిరేసి పరిగెత్తుకుంటూ బావ దగ్గరకు వెళ్ళాను. మా ఊళ్ళో పెద్దవాళ్ళు అనే మాటే నోటికొచ్చింది.

“బావా! మీ చెల్లెమ్మ నీళ్ళు పోసుకుంది!”

బావ గిన్నెకు అడ్డంగా చేతులు చాపాడు. “ఎక్కడ?”

“ఇంట్లో బావా!”

“ఎంత? చుక్కా? గ్లాసా?”

“ఎంతేమిటి? మూడో నెల!”

“మూడు నెలల్నుంచీ పోస్తోందా! నువ్వేం చేస్తున్నావురా ఇన్నాళ్ళూ?”

విషయం ఆయనకు అర్థమయ్యేసరికి నా కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మ ఆయన చూశాడు. “ఇక్కడ కాదు, ఇక్కడ కాదు, అటెళ్ళి ఏడువు” అంటూ నన్ను వరండాలోకి తోసి గడియ పెట్టాడు. నా జీవితంలోకెల్లా గొప్ప సంతోషాన్ని నేను అక్కడున్న గొడుగుల స్టాండుతో పంచుకున్నాను.

ఆ మర్నాడు మా అక్క కలగజేసుకుంది. “మనుషులకి దాహం వెయ్యదా? వేస్తే ఏమని అడుక్కోవాలి? దానికో మాట పెట్టండి” అని గట్టిగా చెప్పింది. బావ రెండు రోజులు ఆలోచించాడు.

“ఇకనుంచి ‘పెద్దాయన’ అనండి” అన్నాడు.

“పెద్దాయనెవరు?”

“సృష్టిలో అందరికన్నా ముందు పుట్టింది అదే కదరా. గౌరవంగానూ ఉంటుంది, చాక్లెట్‌కి అర్థమూ కాదు.”

చాక్లెట్‌కు అర్థం కాదట! నేను ఒకటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

అప్పటినుంచి మా మాటలు బయటివాళ్ళు వింటే పోలీసులకు చెప్పేలా తయారయ్యాయి. “పెద్దాయన్ని ఒక గ్లాసు తాగొస్తాను బావా.” “పెద్దాయన నేలమీద పడ్డాడు, ఎవరైనా కాలేసి జారతారు.” “పెద్దాయన్ని మరగబెట్టారా?” ఒక పార్టీలో ఈ ఆఖరి మాట విని ఒక అమ్మాయి కెవ్వుమంది. ఇంట్లో మా అక్క కూడా, “మీ పెద్దాయన పొద్దుట్నుంచీ కుళాయిలోంచి రావట్లేదు. ప్లంబర్‌ని పిలుస్తారా, నన్ను పిలవమంటారా?” అనేది. అనేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఇలా సాగుతుండగా మేము మొదటిసారి ఒక కొత్త హాలుకు వెళ్ళాం. అక్కడి సూపర్‌వైజరు ఇస్త్రీ మడత నలగని మనిషి. నడుముకు తాళాలగుత్తి. ఆయన నడిస్తే తాళాలు మోగేవి. మోగినప్పుడల్లా వంటగదిలో అందరూ నిటారుగా నిలబడేవాళ్ళు. మేము వెళ్ళేసరికి ఆయన గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నిలబడి, పనిలో కొత్తగా చేరిన ఒకావిడతో మాట్లాడుతున్నాడు.

“ఇవాళ మూడో రోజు. ఇవాళ నీ గురించి ఒక్క మాట నా చెవిన పడిందా, రేపట్నుంచి రానక్కర్లేదు.”

“అలాగేనండీ.”

“ఒక్క మాట.”

“పడదండీ.”

తాళాలు మోగించుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ నా భుజం మీది ఇసుకమూట చూసి, అడగకుండానే వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో బావ పట్టుకోని కొస అది. మూట దింపుకుంటూ చెప్పింది: “ఈ పని నిలబడితే చాలన్నయ్యా. మా ఇల్లు రెండు వీధుల అవతలే. ఇన్నాళ్ళూ రెండు బస్సులు మారి పోయేదాన్ని. మా పాప బడి నుంచొచ్చి, నేనొచ్చేదాకా మెట్లమీద కూచునేది. మొన్నా, నిన్నా దానికన్నా ముందు నేనే ఇంట్లో ఉన్నా. తలుపు నేను తీశానని ఎగిరి గంతేసింది.”

దేవుడా, ఈవిడ పని నిలబెట్టు అనుకున్నాను మనసులో. అప్పుడే బావ థర్మామీటరు ఊపుకుంటూ వచ్చి, ఆవిడ చేతులకేసి అదోలా చూశాడు. ఇక మొదలుపెడతాడు అనుకున్నాను. తిన్నగా మూకుడు దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆరోజు పార్టీ ఒక తాతగారి డెబ్భయ్యో పుట్టినరోజు. నలుగురు కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు, ఇంటిల్లిపాదీ. వాళ్ళంతా ఆయన్ని ముద్దుగా ఏమని పిలుస్తున్నారంటే, ‘పెద్దాయన’ అని. నాకు అప్పుడే తట్టవలసింది. స్ట్రాబెర్రీలు తుడిచేవాడికి ఏం తడుతుంది?

ఎనిమిది కిలోల చాక్లెట్ ఇసుకమీద కరిగి, అద్దంలా మెరుస్తోంది. బావ ఒక చేత్తో నూనె సన్నటి దారంలా పోస్తూ, కళ్ళు దానిమీంచి తిప్పకుండా, రెండో చెయ్యి వెనక్కి చాచాడు.

“అమ్మా, ఆ పొడుగు గరిటె ఇలా ఇవ్వు. పెద్దాయన లేకుండా చూసి ఇవ్వు.”

ఆవిడ అప్పుడే కడిగిన గరిటె చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగింది. తలుపువైపు చూసింది. సరిగ్గా అప్పుడే తాతగారు చెంచా జేబులో పెట్టుకుని, ఎవరూ చూడకుండా రుచి చూద్దామని మెల్లగా లోపలికి వస్తున్నారు.

ఆవిడ గబగబా వెళ్ళి అడ్డం నిలబడింది. “ఏమండీ, పెద్దాయనంటే మీరేనా?”

“నేనేనమ్మా. ఏం, అలా కనపడట్లేదా?”

“అయితే మీరు లోపలికి రాకూడదండీ.”

“ఇది నా పుట్టినరోజమ్మా!”

“తెలుసండీ. కానీ మీరుంటే గరిటె ఇవ్వద్దన్నారు.”

“నేనేం చేశాను గరిటెని?”

“నాకూ తెలీదండీ. దయచేసి వెళ్ళండి, కొత్తగా చేరాను.”

ఆ చివరి మాట విని తాతగారు “సరే, సరే” అంటూ వెనక్కి వెళ్ళిపోయారు. ఆవిడ తిరిగివచ్చి, “పెద్దాయన లేరండీ, పంపించేశా” అంటూ గరిటెను బావ చేతిలో పెట్టింది. గరిటెనుంచి నీళ్ళు కారుతున్నాయి. బావ చూడలేదు. ప్రతివాడి మాటా అనుమానించే మనిషి, ఆ ఒక్కసారి నమ్మాడు.

ఒక తిప్పు తిప్పాడు. రెండో తిప్పుకు చప్పుడు మారింది. మూడో తిప్పుకు గరిటె గిన్నెలో కర్రలా నిలబడిపోయింది. ఎనిమిది కిలోల చాక్లెట్ అలిగింది.

బయట తాళాలు మోగాయి.

“పెద్దాయన్ని బయటికి గెంటింది ఎవరు?” అంటూ వచ్చాడు సూపర్‌వైజరు. వెనకాలే తాతగారు, “గెంటలేదయ్యా, మర్యాదగానే పంపింది” అంటున్నారు. ఎవరు వింటారు? సూపర్‌వైజరు గిన్నెలోకి తొంగిచూశాడు, గరిటె చూశాడు, ఆవిడ చేతులు చూశాడు.

“ఇదీ నువ్వేనా?”

ఆవిడ తలూపింది.

“ఏప్రన్ విప్పి అక్కడ పెట్టెయ్.”

ఆవిడ వెనక్కి చేతులు పెట్టి ముడి విప్పబోయింది. తడిచేతులకు ముడి జారుతోంది, ఊడటం లేదు. ఇక బావ కూడా తోడవుతాడు, ఆవిణ్ణి నిలబెట్టి కడిగేస్తాడు అనుకున్నాను. బావ ముఖం కందగడ్డలా ఉంది. గరిటె చూశాడు. తాతగారిని చూశాడు. మళ్ళీ గరిటె చూశాడు.

“ఈ వంటగదిలో బుర్రలేని వెధవ ఎవడు?” అని అరిచాడు. గిన్నెలు మోగాయి.

“ఈవిడే సార్...” అన్నాడు సూపర్‌వైజరు.

“ఈవిడ కాదు! నేను! ‘తడి లేకుండా ఇవ్వమ్మా’ అంటే నా సొమ్మేం పోయేది? నీళ్ళని నీళ్ళు అనకుండా పెద్దాయనా, చిన్నాయనా అని పేర్లు పెట్టమని ఎవడు చెప్పాడు నాకు? ఈవిడ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. పెద్దాయన లేకుండా చూసి ఇవ్వమన్నాను, చూసి ఇచ్చింది. ఇరవై రెండేళ్ళలో నా మాట అక్షరాలా విన్న మనిషి ఈవిడొక్కతే. ఇదిగో, ఈ నా బావమరిది కూడా ఏనాడూ వినలేదు!”

నేను! ఇసుక మోసినవాణ్ణి! స్ట్రాబెర్రీలకు తల తుడిచినవాణ్ణి! సమయం కాదని ఊరుకున్నాను.

సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు. “తర్వాత మాట్లాడదాం. ఇరవై నిమిషాల్లో కేక్ కోస్తారు. ముందు ఈ ముద్దని ఏం చేస్తారో చూడండి.”

బావ కళ్ళు మూసుకున్నాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి. మూడోసారికి మాట బయటకు వచ్చింది.

“నీళ్ళు.”

నా చేతిలో పళ్ళెం జారి స్ట్రాబెర్రీలన్నీ నేలమీద దొర్లాయి.

“నీళ్ళు తీసుకురండర్రా! వేడివి! కెటిల్ నిండా!”

“బావా, ఒంట్లో బాగానే ఉందా?” అన్నాను.

“చుక్క పోస్తేనేరా అలిగేది. ఇంకా పోస్తూ, కలుపుతూ పోతే లొంగుతుంది. పరదా అవదు గానీ పాకంలా జారుతుంది.”

“ఈ సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?”

“మొదట్నుంచీ తెలుసు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నీకు భయముంటుందా?”

ఇరవై రెండేళ్ళు! అలిగితే అంతే సంగతులన్నాడు కదా ఈ మనిషి! మా ఆవిడ శుభవార్తను గొడుగుల స్టాండుకు చెప్పుకున్నాను కదా నేను!

బావ నన్ను పట్టించుకోలేదు. “నువ్వు పొయ్యమ్మా” అని కెటిల్ ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆవిడ గిన్నె దగ్గరదాకా తెచ్చి ఆగింది. “భయపడకు, ఇంతకన్నా పాడవ్వదు. పొయ్యి. ఊఁ, ఆగు. మళ్ళీ పొయ్యి.” ఆవిడ పోస్తోంది, ఆయన చెమటలు కక్కుతూ కలుపుతున్నాడు. మొదట ఇంకా మొండికేసింది. తర్వాత అంచుల్లో మెత్తబడింది. కెటిల్ ఖాళీ అయ్యేసరికి గరిటె మెల్లగా ఒక పక్కకు వాలింది. చాక్లెట్ మళ్ళీ మెరిసింది.

ఫౌంటెన్‌లో అది పరదాలా పడలేదు. వానలా పడింది, ధారలు ధారలుగా. పిల్లలకు అదే నచ్చి చేతులు చాపి ఎగబడ్డారు. తాతగారు జేబులోంచి చెంచా తీసి, వరసలో పిల్లలకన్నా ముందు నిలబడ్డారు. బావ మాత్రం పక్కనే నిలబడి వచ్చినవాళ్ళందరికీ, “ఇది పద్ధతి కాదండీ, అసలు ఇలా పడకూడదు” అని ఆగ్రహంగా చెబుతున్నాడు. ఒక్కరైనా వింటేనా!

పార్టీ అయిపోయాక సూపర్‌వైజరు మళ్ళీ వచ్చాడు. “గండం గడిచింది గానీ, జరిగింది ఫిర్యాదుల పుస్తకంలో రాయాలి. ఎవరిదో ఒకరిది తప్పని రాయాలి కదా. ఆవిడ పేరు రాసేస్తాను. ఎలాగూ కొత్తదే.”

“రాసేది మీరు కాదు. నష్టపోయింది నేను. పుస్తకం ఇటివ్వండి” అన్నాడు బావ.

మామూలుగా పార్టీ అయ్యాక యంత్రం విప్పి కడగడం నా వంతు. నీళ్ళపని కదా, ఆయన ముట్టుకోడు. నేను కడుగుతుంటే ఆయన ఆఫీసు గదిలోకి వెళ్ళి పావుగంట కూర్చుని వస్తాడు. టీ తాగడానికి అనుకునేవాణ్ణి. ఆరోజు మాత్రం వెంటే వెళ్ళి, భుజం మీంచి చదివాను. మాట్లాడేటప్పుడు ఎలా ఉన్నా, రాసేటప్పుడు బావకు పాతకాలపు దస్తావేజుల భాష పూనుతుంది.

“అయ్యా, ఈ దినము మీ వంటగదిలో చాక్లెట్ కరిగించు వ్యక్తి, వయసు యాభై నాలుగు, తెలివి శూన్యము, నీటికి మారుపేరు పెట్టి, నిర్దోషియైన ఒకామెను గందరగోళపరచి, ఎనిమిది కిలోల సరుకు పాడుచేసినాడు. ఇతనిని గట్టిగా మందలించవలెను. మరియు, మీ తొట్టి వద్ద తుడుచుటకు ఒకే గుడ్డ కలదు, అదియు తడిది. చేతులకు గ్లవ్సులు లేవు. సబ్బునీటికి కడుగువారి చేతులు పగిలి ఉన్నవి. పగిలిన చేతులు త్వరగా ఆరవు. ఆరని చేతులు చాక్లెట్‌కు ప్రమాదము. కూర్చొనుటకు స్టూలు లేదు. నిలబడి అలసిన మనిషికి చెమట పట్టును. చెమటయు నీరే. మరియు, ఇంత అనుభవము గడించిన మనిషిని తీసివేసి కొత్తవారిని పెట్టరాదు. వారికి నేను మరల మొదటినుంచి చెప్పుకొనజాలను. పై విషయములు సరిచేయనిచో ఈ హాలులో నేను చాక్లెట్ కరిగించను.”

కింద సంతకం పెట్టి, దాని కింద రెండు గీతలు గీశాడు.

నేను బయటకు వస్తే, ఆ హాలు వంటాయన గుమ్మం దగ్గర నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆయన అంతకుముందు వేరే హాలులో పనిచేసేవాడు. “రాశాడా? మా పాత హాల్లోనూ ఇలాగే రాశాడు తమ్ముడూ. పొయ్యి దగ్గర మాకు ఫ్యాను అలాగే వచ్చింది. మా చెమట గాల్లో ఎగిరి చాక్లెట్లో పడుతుందని రెండు పేజీలు రాశాడు. మేముండేది ఒక గది, ఆయన చాక్లెట్ ఉండేది ఇంకో గది! ఆయన పోరు పడలేక పెట్టించారు. ఆయన అడుగుపెట్టిన ప్రతి హాల్లోనూ ఇంతే. నీకు తెలీదా?”

నాకెవరు చెబుతారు? నేను యంత్రం కడుగుతుంటాను కదా!

తిరిగివచ్చేటప్పుడు వ్యాన్‌లో నిలదీశాను. “బావా, ఆ ఫ్యాను దేనికి?”

“చాక్లెట్‌కి.”

“స్టూలు?”

“చాక్లెట్‌కేరా.”

“ఆవిడ ఉద్యోగం కూడా చాక్లెట్‌కేనా?”

“ఒరే, నన్ను బండి నడపనిస్తావా, దిగి నడిచొస్తావా?” అని కసిరాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. బావకు ఇలాంటి చెవులు ఉన్నాయని నాకు ఇరవై రెండేళ్ళుగా తెలియదు. మనసులో ఎవరికి దణ్ణం పెట్టాలో వారికి పెట్టుకుని, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను.

మూడు వారాలకు అదే హాలులో ఇంకో పార్టీ వచ్చింది. వెళ్ళేసరికి ఆవిడ తొట్టి దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా నారింజరంగు గ్లవ్సులు. తలపక్కన తీగమీద వరసగా ఆరేసిన ఆరు గుడ్డలు. “రండన్నయ్యా, మా పాప మిమ్మల్నిద్దర్నీ అడిగానని చెప్పమంది” అంది నవ్వుతూ.

బావ అవేమీ చూడనట్టు తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళి పుస్తకం తిరగేశాడు. తన ఫిర్యాదు కింద ‘తీసుకున్న చర్య’ అన్న చోట సూపర్‌వైజరు చక్కటి అక్షరాలతో రాశాడు: గుడ్డలు, గ్లవ్సులు, స్టూలు ఏర్పాటు చేయడమైనది. సదరు వ్యక్తిని గట్టిగా మందలించడమైనది.

“ఇదేమిటి?” అని బావ గర్జించాడు. “మందలించారా? ఎప్పుడు? ఎవరు? నన్నెవరూ మందలించలేదే! సర్కారు కాగితంలా పుస్తకం పెట్టుకుని అబద్ధాలు రాస్తారా?”

“ఏదో రాయాలి కదా సార్...”

“రాసింది చెయ్యాలి! నేనిక్కడే ఉన్నాను. కానివ్వండి.”

సూపర్‌వైజరు తాళాలగుత్తిని గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆఖరికి వంటగదివైపు తిరిగి, “అమ్మా, నీకు పుణ్యముంటుంది, కాస్త నువ్వు మందలించు ఈయన్ని” అన్నాడు.

ఆవిడ స్టూలు దిగి వచ్చింది. నవ్వు ఆపుకుంటూ, “ఇంకెప్పుడూ అలా చెయ్యకండన్నయ్యా” అంది.

“గట్టిగా. గట్టిగా అని రాశాను” అన్నాడు బావ.

ఆవిడ నారింజరంగు చేతులు రెండూ నడుముమీద పెట్టుకుంది. “ఇంకోసారి అలా చేశారో, చూడండి మరి! ఊరుకునేది లేదు!”

యాభై నాలుగేళ్ళ మా బావ చేతులు కట్టుకుని, తల వంచుకుని, “చెయ్యనమ్మా” అన్నాడు.

చూస్తుంటే నాకూ ఉత్సాహం వచ్చింది. నా దగ్గరా చెప్పవలసినవి చాలా ఉన్నాయి కదా. గొంతు సవరించుకుని, ఆవిడ వెనకాల వరసలో నిలబడ్డాను.

బావ తల ఎత్తి చూశాడు. “నువ్వెందుకురా వచ్చావు? నువ్వు పుస్తకంలో లేవు” అన్నాడు.